తెరకు అవతలి పక్క



మాట మొదలుపెట్టే ముందు మీతో ఓ చిన్న పని చేయిస్తాను. కూర్చున్నచోటే కళ్ళు మూసుకోండి. ఎదురుగా సినిమా తెర ఉందనుకోండి. తెర మీద అన్నదమ్ములిద్దరు. అన్న తమ్ముణ్ణి ఒక్క తోపు తోశాడు, తమ్ముడు వెళ్ళి పడ్డాడు. బొమ్మ కనబడిందా? ఇక కళ్ళు తెరవండి. అన్న ఏ పక్క నిలబడ్డాడు? మీ ఎడంచేతి పక్కా, కుడిచేతి పక్కా? తమ్ముడు ఎటుకేసి పడ్డాడు? నేనేమీ చెప్పకుండానే మీ మనసు ఇద్దరికీ చెరో చోటు ఇచ్చేసింది. ఆ జవాబు మీ దగ్గరే ఉంచుకోండి. కాసేపట్లో దానితో పని పడుతుంది.

నాది పిఠాపురం. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు బడిపిల్లలకు డ్రాయింగు చెప్పాను. కాగితం మీద ఏది ఎక్కడ ఉండాలి, ఎటు చూడాలి, ఎంత ఖాళీ వదలాలి, ఇదే నా రోజువారీ పని. అయితే సినిమా బొమ్మను మనం ఎలా చూస్తాం అన్న ఆలోచన నాకు బళ్ళో పుట్టలేదు. వినాయక చవితి పందిట్లో పుట్టింది.

నా చిన్నతనంలో నవరాత్రులకు వీధుల్లో 16 ఎం.ఎం. సినిమాలు వేసేవారు. వీధికి అడ్డంగా రెండు వెదురు గడలు పాతి, వాటి మధ్య తెల్లగుడ్డ బిగించి కట్టేవారు. మిషను ఉన్న పక్క జనం కిటకిటలాడేవారు. గుడ్డకు అవతలి పక్క ఖాళీగా ఉండేది. మా మామ్మ పిల్లలందర్నీ వెంటేసుకుని అటు తీసుకెళ్ళి చాప పరిచేది. "ఇక్కడైతే కాళ్ళు చాపుకుని చూడొచ్చర్రా" అనేది. వెలుగు గుడ్డలోంచి వడకట్టుకుని వచ్చేది కాబట్టి బొమ్మ కొంచెం మసగ్గా ఉండేది. ఇంకో తేడా కూడా ఉండేది. ఇవతలి వాళ్ళ కుడి మాకు ఎడమ, వాళ్ళ ఎడమ మాకు కుడి.

ఓ ఏడు మాయాబజార్ వేశారు. 1957లో కె.వి. రెడ్డి గారు తీసింది, మార్కస్ బార్ట్లే కెమెరా. నాకు అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం వచ్చింది. పేర్లు పడుతుంటే అక్షరాలన్నీ తిరగబడి కనబడేసరికి ఏడుపొచ్చినంత పనైంది. మామ్మకి ఆ బాధ లేదు, ఆవిడ చదువుకోలేదు. అక్షరాలు ఎటు తిరిగినా ఆవిడకి ఒకటే. కానీ కథ కొంత సాగాక శకుని పక్కనుండే శర్మా, శాస్త్రీ తెర మీదికి వచ్చారు. మామ్మ ముందుకు వంగి చూసి, "ఇదేవిట్రా, జందేలు అపసవ్యంగా వేసుకున్నారు! పెళ్ళికొచ్చారా, తద్దినానికొచ్చారా?" అంది. తరవాత విందు పాటలో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు పిండివంటలన్నీ ఎడంచేత్తో లాగిస్తుంటే, "రాక్షసుడు కదరా, వాళ్ళంతే" అని తనే సమాధానం చెప్పుకుంది.

ఆ రెండు మాటలూ ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు. ఒకే గుడ్డకు ఒకే పక్కన కూర్చుని, తిరగబడ్డ ఒకే బొమ్మను చూశాం ఇద్దరం. నా కన్ను అక్షరాల దగ్గర ఆగింది. మామ్మ కన్ను జందెం దగ్గర ఆగింది. ఎవరు దేనిలో పెరిగారో వాళ్ళకు ఆ తప్పే కనబడింది. ఘటోత్కచుడి ఎడంచెయ్యి ఆవిడకి తప్పుగా కూడా తోచలేదు. దానికో అర్థం దొరికింది, సర్దుకుపోయింది.

మామ్మకు జందెం అంత గట్టిగా కంటబడటానికి మా ఊరే కారణం. పిఠాపురం పాదగయ క్షేత్రం. గయాసురుడి తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు మా ఊళ్ళో ఉన్నాయని స్థలపురాణం. కుక్కుటేశ్వరస్వామి గుడి కోనేటి దగ్గర పితృకార్యాలు జరుగుతుంటాయి. బ్రహ్మగారు "సవ్యం" అనగానే కర్త జందెం ఎడమభుజం మీదికి తెచ్చుకుంటాడు. "అపసవ్యం" అనగానే కుడిభుజం మీదికి మార్చుకుంటాడు. దేవతలకు ఒక వైపు, పితృదేవతలకు ఒక వైపు. మనిషి అతనే, నూలుపోగు అదే. భుజం మారేసరికి చేసే పనే వేరైపోతుంది. ఆ మాటలు రోజూ చెవిన పడే ఊళ్ళో పెరిగిన మనిషికి తెర మీద జందెం ఏ భుజాన ఉందో చూడటం నేర్పక్కర్లేదు.

సవ్యం అన్న మాట దగ్గర నాకెప్పుడూ కాసేపు ఆగాలనిపిస్తుంది. సంస్కృతంలో సవ్యమంటే ఎడమ. తెలుగులో మాత్రం ఆ మాటకు పద్ధతిగా ఉన్నది, సరిగ్గా ఉన్నది అన్న అర్థం స్థిరపడిపోయింది. "పని సవ్యంగా జరిగింది" అంటాం. ఒక పక్కను చెప్పే మాట ఒప్పును చెప్పే మాట అయింది. మనకు ఎడమా కుడీ వట్టి దిక్కులు కావు. తినే చెయ్యి కుడిది, తాంబూలం అందించే చెయ్యి కుడిది, కొత్తకోడలు గడపలో పెట్టే కాలు కుడిది. పయిట ఎడమభుజం మీద. సీతమ్మ రాముడికి ఎడమ పక్క. భద్రాచలంలో రాముడి చేతుల్లో శంఖచక్రాలు అటుదిటు అయి ఉంటాయి. శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో. ఆ సంగతి మనం ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకుంటాం? మామూలుగా ఏది ఏ చేతిలో ఉండాలో మనకు ముందే తెలుసు కనక. తెర ముందు కూర్చున్నప్పుడు ఇదంతా మన వెంటే వస్తుంది.

ఇప్పుడు మీ జవాబు బయటికి తీయండి. అన్న ఎడమ పక్క, తమ్ముడు కుడి పక్క, తోపు ఎడమ నుంచి కుడికి. మీలో ఎక్కువమందికి ఇలాగే కనబడి ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే ఇలాంటి పనే ఆన్ మాస్, ఆరోర్ రూసో అనే పరిశోధకులు చేసి 2003లో ప్రకటించారు. ఒకరు ఇంకొకరికి ఏదో చేస్తున్నట్టుండే వాక్యాలు చెప్పి, ఇటాలియన్ మాట్లాడేవాళ్ళ చేతా అరబ్బీ మాట్లాడేవాళ్ళ చేతా బొమ్మలు వేయించారు. ఇటాలియన్లు పని చేసేవాణ్ణి ఎడమన పెట్టారు, అరబ్బులు కుడిన పెట్టడానికి మొగ్గారు. ఇటాలియన్ రాత ఎడమ నుంచి కుడికి, అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకి. చేతిరాత నడిచే దారిలోనే మనసులో బొమ్మ కూడా నడిచిందన్న మాట.

నాకు ఇంకా నచ్చింది మాస్, ఆవిడ సహచరులూ 2007లో వెలువరించిన పని. అది సినిమాకు మరీ దగ్గర. ఫుట్‌బాల్ ఆటలో గోల్ పడే దృశ్యాలు తీసుకున్నారు. వాటిని ఉన్నదున్నట్టు ఒకసారి, అద్దంలోలా తిరగేసి ఒకసారి చూపించారు. ఆటగాడు అతనే, కాలు అదే, బంతి వేగం అదే. బంతి ఎడమ నుంచి కుడికి పోయినప్పుడు ఇటాలియన్లకు ఆ గోల్ మరింత అందంగా, మరింత వేగంగా తోచింది. కుడి నుంచి ఎడమకి చదివేవాళ్ళకు తోచింది దీనికి ఎదురు. తెర మీద దిక్కు తప్ప ఏమీ మారకుండా అందం మారింది. అది చదివినరోజు నాకు మామ్మే గుర్తొచ్చింది.

మరి చదువురాని మామ్మ సంగతేమిటి? దీనికి మన పక్క రాష్ట్రంలోనే ఓ ఆధారం ఉంది. ఎరిక్ పెడర్సన్ అనే భాషాశాస్త్రవేత్త తమిళనాట చేసిన పని 2003లో అచ్చయింది. బొమ్మలు చూపించి, ఏది ఉన్నది ఉన్నట్టుందో, ఏది అద్దంలోలా తిరగబడిందో గుర్తుపట్టమన్నాడు. చదువురానివాళ్ళు ఆ తేడాను అంతగా లెక్కచేయలేదు. ఆశ్చర్యమేమిటంటే తమిళం మాత్రమే చదవడం వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలాగే చేశారు. తమిళంతో పాటు ఇంగ్లీషు అక్షరాలు కూడా వచ్చినవాళ్ళు తేడా పట్టుకున్నారు. ఇంగ్లీషు చిన్నబడిలో బి, డి అక్షరాలు చూడండి. పొట్ట ఏ పక్కన ఉందన్నదొక్కటే వాటి మధ్య తేడా. అలాంటి జంటలతో కుస్తీ పట్టినవాడికి ఎడమ కుడి తేడా పట్టడం అలవాటవుతుంది. మన తెలుగు అక్షరాల్లో అలా ఒకదానికొకటి అద్దంలా నిలిచే జంట వెతికినా దొరకదు. మనం కూడా బి, డి దగ్గరే దెబ్బలు తిని ఈ విద్య నేర్చుకున్నాం. బి రాయమంటే డి రాసిన పిల్లల్ని కొట్టొద్దని నేను మా బళ్ళో పదే పదే చెప్పేవాణ్ణి. చెట్టు మీద కాకి ఎటు తిరిగి కూర్చున్నా కాకే. అక్షరం ఒక్కటే అటు తిరిగితే ఇంకొకటైపోతుంది. పిల్లవాడి కంటికి ఆ విడ్డూరం అర్థం కావడానికి వ్యవధి పడుతుంది.

ఇంతా చెప్పి, రాత ఒక్కటే మన కంటిని నడిపిస్తుందంటే నేనే ఒప్పుకోను. చేతి వాటం ఉంది. పక్కకు తిరిగిన మనిషి ముఖం గీయమంటే కుడిచేతి వాటం పిల్లలు ఎక్కువమంది ముక్కును ఎడమకే తిప్పుతారు, చేతికి ఆ గీత సులువు. ఇంకో పాత అలవాటు కూడా ఉంది, ప్రదక్షిణం. గుడి మన కుడిచేతి పక్కన ఉండేలా నడుస్తాం కదా. నడుస్తూ నడుస్తూ ఆగి గోడకేసి తిరగండి. మీరు ఇందాకటి నుంచి పోతున్న దిక్కు ఇప్పుడు మీ ఎడంచేతి పక్క అవుతుంది. అంటే గోడ మీద చెక్కిన కథ మనకు కుడి నుంచి ఎడమకి జరుగుతుంది. జావాలోని బొరొబుదూర్ స్తూపంలో లోపలి గోడ శిల్పాలను అలాగే కుడి నుంచి ఎడమకి చదవాలి. హంపిలో హజారరామస్వామి గుడి గోడల మీద రామాయణం కూడా ప్రదక్షిణం చేస్తూ చూసుకోవలసిందే. పుస్తకంలో రామాయణం ఎడమ నుంచి కుడికి, గుడి గోడ మీద కుడి నుంచి ఎడమకి. మన కాళ్ళకొక చదువు, కళ్ళకొక చదువు. సినిమాలో రథం ఎటు పరుగెత్తితే ఉత్సాహంగా ఉంటుంది అన్నదానికి మన దేశంలో జవాబు అంత తేలిక కాదని నేననుకునేది ఇందుకే.

తోలుబొమ్మలాట వాళ్ళకు ఈ తిప్పలు బాగా తెలుసు. మా దగ్గర సామర్లకోట పక్కన మాధవపట్నం ఆ కళకు పేరుపడ్డ ఊరు. పల్చగా, వెలుగు దూరేలా చేసిన తోలు మీద రంగులు. చాలా బొమ్మలు పక్కకు తిరిగి ఉంటాయి. బొమ్మ ఇటు చూస్తున్నదల్లా అటు చూడాలంటే ఆడించేవాళ్ళు దాన్ని తిరగేస్తారు. బొమ్మ తిరగబడితే కుడిచేతిలో బాణం ఎడమచేతికి పోతుంది. చూసేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. ఎవరు ఎవరికేసి చూస్తున్నారన్నదే వాళ్ళకు కావాలి. చీర నేతలోనూ ఇంతే. ఉప్పాడ జాందానీ నేత గొప్ప ఏమిటంటే చీరకు లోపలి పక్కా బయటి పక్కా బుటా ఒకేలా ఉంటుంది, పోగులు వేలాడవు. అంత పనితనంలోనూ చిలక బుటా ఉంటే, చీర తిప్పినప్పుడు ఆ చిలక ముక్కు అటుదిటు మారక తప్పదు.

ఎవరు ఎవరికేసి చూస్తున్నారు అన్నాను. సినిమావాళ్ళు దీన్ని లుక్ అంటారు. రైట్ లుక్, లెఫ్ట్ లుక్. ఇది మీకు విప్పి చెప్పడానికి మా ఊరి రైలుకట్ట చాలు. పిఠాపురం స్టేషను విజయవాడ, విశాఖపట్నం లైనులో సామర్లకోటకీ తునికీ మధ్య ఉంది. పట్టాలకు సముద్రం వైపు నిలబడి చూడండి. విశాఖ వెళ్ళే బండి మీ ఎడమ నుంచి కుడికి పోతుంది. పట్టాలు దాటి అవతల నిలబడండి. అదే బండి కుడి నుంచి ఎడమకి పోతుంది. బండి దారి మారలేదు, మీరు మారారు. ఇప్పుడు కథానాయకుడు విశాఖ బండి ఎక్కాడు. ఒక షాటు ఈ పక్క నుంచి, తరవాతి షాటు ఆ పక్క నుంచి తీసి అతికించారనుకోండి. బండి వెనక్కి తిరిగి రాజమండ్రి పోతున్నట్టుంటుంది. కట్ట దగ్గర నిలబడ్డవాడికి సముద్రం ఎటుందో, ఊరెటుందో తెలుసు. హాల్లో కూర్చున్నవాడికి ఆనవాళ్ళు తెర రెండంచులే.

ఇద్దరు మాట్లాడుకునే చోటా ఇంతే. ఇద్దరి మధ్యా ఓ తాడు లాగి కట్టారనుకోండి. కెమెరా ఆ తాడుకి ఒకే పక్కన తిరగాలి. తాడు దాటితే ఎదురెదురుగా ఉన్న మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ, ఒకరికేసి ఒకరు చూడనట్టు ఉంటారు. ఈ కట్టుబాటు వేదవాక్కు మాత్రం కాదు. జపాను దర్శకుడు యసుజిరో ఓజు, 1953లో టోక్యో స్టోరీ తీసినాయన, ఆ తాడును తన సినిమాల్లో తరచు దాటేవాడు. అయినా ఎవరూ దారి తప్పరు. ఆయన తెరలో గది, చాప, కూర్చున్న మనుషుల ఎత్తు అంత నిలకడగా ఉంటాయి. ఒక ఆనవాలు తీసేస్తే ఇంకోటి గట్టిగా పాతాలి. అది తెలిసినవాడికి తాడు దాటే హక్కు ఉంది.

మన బాపు గారు పుట్టింది నరసాపురంలో, 1933లో. చిత్రకారుడు దర్శకుడైతే తెర అంచుకు ఎంత విలువ వస్తుందో ఆయన సినిమాల్లో చూడాలి. షాటు తీయకముందే దాన్ని బొమ్మగా గీసుకునే అలవాటు ఆయనది. 1967లో తీసిన సాక్షి కోసం గోదావరి పక్క పల్లె పులిదిండికి వెళ్ళారు. 1975లో వచ్చిన ముత్యాలముగ్గుకు ఇషాన్ ఆర్య కెమెరా పట్టారు. రంగుల ఛాయాగ్రహణానికి జాతీయ బహుమతి ఆ సినిమాకే వచ్చింది. దాన్ని మీరు మళ్ళీ చూస్తే మనుషుల్ని కాక, మనుషులు లేని చోటును చూడండి. ఎవరైనా ఒకరు ఓ మూల ఒదిగి ఉంటే మిగతా తెరంతా వెలుతురు, గోడ, ఆకాశం. ఆ ఖాళీ ఊరికే మిగిలిపోయింది కాదు. డ్రాయింగు కాగితం నింపెయ్యాలని తొందరపడే పిల్లలకు నేను ఆ సినిమా చూడమని చెప్పేవాణ్ణి.

ఇక హాలు సంగతి. నేల టిక్కెట్టు వాడు మెడ ఎత్తి చూస్తాడు, గోడ పక్క కుర్చీ వాడు ఏటవాలుగా చూస్తాడు. లెక్క ప్రకారం వాళ్ళకు కథానాయిక ముఖం సాగిపోయి, నొక్కుకుపోయి కనబడాలి. కనబడదు. ఎందుకన్నది విశ్వనాథ్, గిర్షిక్, బ్యాంక్స్ అనే ముగ్గురు 2005లో పరీక్షించి చెప్పారు. తెర ఎంత వాలుగా ఉందో కన్ను ముందుగా పసిగట్టి, ఆ వాలును తీసివేసుకుని బొమ్మను చూస్తుందట. మన కళ్ళు మనకు తెలియకుండా అంత పని చేస్తున్నాయి. కొన్ని తప్పుల్ని మాత్రం అవి సరిచేయలేవు, నోటికి అప్పజెబుతాయి. రీళ్ళ రోజుల్లో ఫ్రేము జారి తలలు కిందా కాళ్ళు పైనా వస్తే హాలంతా గోల. వెడల్పు తెర స్కోపు సినిమాకు లెన్సు మార్చడం మరిచిపోతే అందరూ తాటిచెట్లలా సన్నగా పొడుగ్గా కనబడేవారు, ఆపరేటరు పరుగెత్తుకు రావలసి వచ్చేది. మరి ఎడమ కుడి మారిపోతే? గోల లేదు. అలా తిరగబడ్డ లోకం కూడా ఉండదగ్గ లోకమే కాబట్టి కన్ను దాన్ని దిద్దదు, నోరు అరవదు. తెర అవతల కూర్చున్న మామ్మలా అర్థమే మార్చుకుంటాం. నాకు ఇది చాలా పెద్ద సంగతిగా తోస్తుంది. మసక బొమ్మ కంటే, వాలు బొమ్మ కంటే, తిరగబడ్డ బొమ్మే మనల్ని ఎక్కువ మారుస్తుంది, చప్పుడు లేకుండా.

బొమ్మ ఆకారం మారినా ఇలాంటి నష్టమే. తెలుగులో మొదటి సినిమాస్కోపు 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి గారు. అంతకుముందు తెర ఎత్తుకు కాస్త ఎక్కువ వెడల్పు, ఒకటికి 1.37. స్కోపులో ఒకటికి 2.35. మన్యం కొండలు అంచు నుంచి అంచు దాకా పరుచుకున్నాయి. ఒక చివర దొర, ఒక చివర రాజు, మధ్యన ఇంత దూరం. ఆ దూరమే కథ చెప్పింది. అది కొత్త తెర కోసం పుట్టిన కూర్పు. కానీ పాత తెర కోసం కూర్చిన మాయాబజార్‌ను 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాన్ని కూడా స్కోపు ఆకారానికి మార్చారు. ఆ రంగుల వెనక ఉన్న శ్రమను నేను తక్కువ చేయను. కొత్తతరం పిల్లలు హాలుకొచ్చి సావిత్రిని చూశారు, అది మంచిదే. కానీ లెక్క చూడండి. 1.37 బొమ్మను వెడల్పు చెక్కుచెదరకుండా 2.35లోకి దించాలంటే ఎత్తులో 100కి 40 పాళ్ళ పైచిలుకు వదులుకోవాలి. బార్ట్లే గారు ఘటోత్కచుడి తలపైన ఎంత చోటు వదలాలో, కాళ్ళ కింద ఎంత నేల చూపించాలో కొలిచి పెట్టారు. ఆ రాక్షసుడి పెద్దరికం ఆ ఎత్తులోనే ఉంది. చుట్టూ చోటు తగ్గితే ముఖం పెద్దదవుతుంది, మనిషి పెద్దవాడు కాడు.

ఇవాళ సంగతి ఇంకా దూరం పోయింది. తెర ఇప్పుడు అరచేతిలో ఉంది, నిలువుగా ఉంది. వెడల్పుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఎత్తు. స్కోపు సినిమా ముక్కను ఎత్తు తగ్గకుండా ఆ నిలువు తెరలో నింపితే వెడల్పులో నాలుగో వంతు కూడా మిగలదు. ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరే మిగులుతారు. దొర ఉంటే రాజు లేడు, రాజు ఉంటే దొర లేడు. దీనికి తోడు, హక్కుల తనిఖీకి దొరక్కుండా పాత సినిమాలను అద్దంలోలా తిరగేసి ఫోన్లలోకి ఎక్కించేవాళ్ళు బయల్దేరారు. మొన్న మా వీధిలో ఓ పిల్ల అలాంటి పాట చూస్తోంది. సావిత్రి పయిట కుడిభుజం మీద ఉంది. "ఇందులో ఏదైనా తేడా కనిపించిందా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల శ్రద్ధగా చూసి, "లేదు మాస్టారూ, పాత సినిమా కదా, అప్పట్లో అలా కట్టుకునేవారేమో" అంది. మామ్మ ఘటోత్కచుడి చేతికి సమాధానం వెతుక్కున్నట్టే ఈ పిల్లా వెతుక్కుంది. తేడా ఒకటే. మామ్మకు గుడ్డకు అవతలి పక్క కూర్చున్నానన్న సంగతి తెలుసు. ఈ పిల్లకు తాను ఏ పక్క ఉందో చెప్పినవాళ్ళు లేరు. పేర్లు పడే అక్షరాలు కూడా కోసేసి ఎక్కిస్తారు, ఇక పట్టుకునే ఆధారమేముంది?

అందుకని తల్లిదండ్రులకు ఓ మాట. పిల్లలతో పాత సినిమా చూసేటప్పుడు ఫోను అడ్డంగా తిప్పండి. జందెం, పయిట, అన్నం తినే చెయ్యి, ఈ మూడూ చూడమనండి. తిరగేసిన ప్రతి అయితే ఆపేసి, అసలుది వెతికి పెట్టండి. మాయాబజార్ నలుపు తెలుపుది దొరికితే దాని ఆకారంలోనే, తెరకు అటూ ఇటూ నల్లటి పట్టీలు ఉన్నా ఫరవాలేదు, అలాగే చూపించండి. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది. మూత తెరిచి చూస్తే ఎవరి మనసులో ఉన్నది వాళ్ళకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, కృష్ణుడికి శకుని. తెర పని ఇంత బాగా చెప్పిన వస్తువు నాకు ఇంకో సినిమాలో కనబడలేదు.

మామ్మతో నేను మాయాబజార్ మళ్ళీ చూసింది హాల్లో. నేను హైస్కూల్లో ఉండగా సినిమా మళ్ళీ వచ్చింది. ఈసారి అందరిలాగే ఇవతలి పక్క, బెంచీల మీద. పేర్లు చక్కగా చదువుకోగలిగాను. ఘటోత్కచుడు కుడిచేత్తో తిన్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ వెన్నెల్లో పడవ పాట వచ్చేసరికి నా ఒళ్ళంతా ఏదోలా అయింది. ఆ పందిట్లో నేను చూసిన పడవ పోయిన దిక్కు వేరు. ఇది దానికి ఎదురు దిక్కున పోతోంది. ఇదే అసలుదని తెలుసు, అయినా నా పడవ ఇది కాదు. పక్కనున్న మామ్మకేసి చూశాను. ఆవిడ ధ్యాస పడవ మీద లేదు, శర్మా శాస్త్రీ ఎప్పుడొస్తారా అని చూస్తోంది. వాళ్ళు రాగానే నా మోచెయ్యి పట్టుకుని, "సవ్యంగానే వేసుకున్నార్రా" అంది.